ప్యాను భూమన్న బెల్లం వండిన కథ

భూమన్న ఏ పాకాన్నయినా ముందు వేళ్ళతోనే చూస్తాడు. పెళ్ళి పందిట్లో పాయసం వడ్డిస్తే తినే ముందు ఒక చుక్క బొటనవేలి మీదికి తీసుకుని చూపుడువేలితో రాసి చూస్తాడు. ఇంట్లో భార్య దేవవ్వ ఇచ్చే చాయ్‌కి కూడా ఆ పరీక్ష తప్పదు. "అది చాయ్, నీ ప్యాను గాదు, తాగు" అని ఆమె పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టిన మాట ఇప్పటికీ అంటూనే ఉంది.

వాళ్ళది రెంజల్ మండలంలో మంజీర నది వైపున్న చిన్న ఊరు. భూమన్న బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో ఇరవై ఎనిమిదేళ్ళు ప్యాను మీద పనిచేశాడు. ప్యాను అంటే ఇంటి మిద్దె కన్నా ఎత్తుగా ఉండే ఇనుప పాత్ర. చెరుకు రసం అందులోనే చిక్కబడి గింజ కడుతుంది. ఆ గింజను వాళ్ళు దాన అంటారు. దాన పడిందా, ఎంత పడింది, ఎప్పుడు దించాలి అని కనిపెట్టి చెప్పేవాడే ప్యాను మనిషి. చిన్న గాజు పలక మీద పాకం పూసి దీపం ముందు పెట్టి చూసి, భూమన్న "ఇంకో పావుగంట" అంటే పావుగంటే. పెద్ద చదువులు చదివిన కెమిస్టులు కూడా అతని వేళ్ళ వైపు చూసేవారు. అందుకే ఊళ్ళో అతను వట్టి భూమన్న కాదు, ప్యాను భూమన్న.

ఫ్యాక్టరీ మూతపడ్డాక ఊళ్ళో చెరుకు తగ్గుతూ వచ్చింది. కొన్నాళ్ళు కొందరు లారీలకెక్కించి దూరపు ఫ్యాక్టరీలకు పంపారు. లారీ రాక, కొట్టిన చెరుకు ఎండి, విసిగి చివరికి అందరూ వరికి, సోయాకు మళ్ళారు. భూమన్న ఒక రైస్ మిల్లులో కొంతకాలం కాపలా ఉన్నాడు. తర్వాత తనకున్న రెండెకరాల్లో తనూ వరే వేశాడు. ప్యాను అన్న మాట పేరులో మాత్రం మిగిలింది. అతను దాన్ని గురించి ఎవరితోనూ బాధపడింది లేదు. శనివారం శనివారం హనుమంతుడి గుడికి పోయి దీపం పెట్టి, ఉన్నదాంట్లో ఉన్నాడు.

నిజామాబాద్‌లో నేలపంట అని ఒక చిన్న సంస్థ ఉంది. చుట్టుపక్కల రైతులు మందులు తగ్గించి పండించిన పసుపు, జొన్నలు, పప్పులు తెప్పించి, ప్రతి ఆదివారం పొద్దున ఒక బడి ఆవరణలో అంగడి పెట్టిస్తుంది. రైతే కూర్చుని అమ్ముకుంటాడు. పట్నం వాళ్ళు సంచులు పట్టుకొచ్చి కొనుక్కుపోతారు. ఆ సంస్థ తరఫున ఊళ్ళు తిరిగే అమ్మాయి పేరు జ్యోతిరాణి. బాల్కొండ వైపు పిల్ల. వ్యవసాయం డిప్లొమా చదివింది. స్కూటీ మీద వచ్చి, చెట్టు నీడ చూసి ఆపి, హెల్మెట్‌లో నీళ్ళ సీసా పెట్టుకుని పొలాల్లోకి నడిచి వస్తుంది. ఎవరింట్లో ముసలివాళ్ళకు మందులు కావాలన్నా చీటీ తీసుకుపోయి పట్నం నుంచి తెచ్చి ఇస్తుంది. దాని గురించి ఆమె ఎప్పుడూ చెప్పదు, మందులు తెప్పించుకున్నవాళ్ళే చెబుతారు.

నిరుటి మాఘమాసానికి ముందు ఆమె రైతులను కూర్చోబెట్టి ఒక సంగతి చెప్పింది. అంగడికి వచ్చేవాళ్ళు మంచి బెల్లం అడుగుతున్నారు. మందు కలపని బెల్లం, చక్కెర కలపని బెల్లం. ఒకప్పుడు చెరుకుతో నిండిన నేల ఇది, మీలో ఎవరైనా కొంచెం చెరుకు వేస్తే గానుగా కడాయీ సంస్థ సమకూరుస్తుంది అంది. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చెరుకు వేయడం వచ్చు, వండడం ఎవరికి వచ్చు? ఫ్యాక్టరీ ఉన్న రోజుల్లో గడలు బండికెక్కించడమే వాళ్ళ పని. బెల్లం వండిన మనిషి ఆ ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు.

అనకాపల్లి నుంచి ఒక వంటాయనను పదిరోజులు పిలిపించి నేర్పిద్దామా అని జ్యోతిరాణి అడిగింది. అప్పుడే భూమన్న నోరు విప్పాడు.

"ఎందుకు మేడమ్ గంత దూరం మనిషి? ఇరవై ఎనిమిదేండ్లు శక్కర వండిన. శక్కర వండినోనికి బెల్లం ఒక వంటనా?"

ఆ మాట అతను గొప్ప కోసం అనలేదు. నిజమని నమ్మే అన్నాడు. విన్నవాళ్ళూ నమ్మారు. భూమన్నతో కలిపి పదకొండు మంది తలా అరెకరం చెరుకు నాటడానికి ఒప్పుకున్నారు. వాళ్ళలో రామ్‌దాస్ ఒక్కడు పూర్తి ఎకరం నాటాడు. రామ్‌దాస్ భూమన్నకు బావమరిది వరస, పొలాలు కూడా పక్కపక్కనే. అతని బోరుకు నీళ్ళు అంతంత మాత్రం. ఉన్న నీళ్ళు చెరుకుకు పెడితే రెండో పంటగా వేసే యాసంగి వరి పోతుంది. తెలిసే నాటాడు. కానీ నాటిన రోజే గెట్టు మీద నిలబడి ఒక మాట అన్నాడు.

"నీ మాట మీద పెడుతున్న బావా. బెల్లం మంచిగైతె సరే. కాకపోతె మొదళ్ళన్ని ట్రాక్టరుతోని దున్నించి మల్ల వరేస్త. అప్పుడు నన్నేమనొద్దు."

చెరుకు నాటింది రైతులే అయినా, నాటించింది భూమన్న మాట. ఆ సంగతి అతనికి తెలుసు. ఏడాది పొడుగునా రోజూ పొద్దున తన పొలం కన్నా ముందు రామ్‌దాస్ తోట చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేవాడు.

సంక్రాంతి దాటి చెరుకు పక్వానికి వచ్చింది. రామ్‌దాస్ పొలం అంచున కొట్టం వేశారు. సంస్థ కరెంటుతో తిరిగే పాత గానుగ ఒకటి బాగుచేయించి తెచ్చింది. ఎనిమిది అడుగుల వెడల్పు ఇనుప కడాయి వచ్చింది. ఊరి వడ్లాయన కర్ర తెడ్లు, బెల్లం పోసే అచ్చులు చెక్కిచ్చాడు. జ్యోతిరాణి గుంజకు ఒక పలక కట్టి సుద్దముక్కతో మూడు మాటలు రాసింది: చక్కెర కలపం, రంగు కలపం, మందు కలపం. పట్నంలో కొనేవాళ్ళకు ఇచ్చిన మాట అదేనని అందరికీ చదివి వినిపించింది.

గానుగలో గడలు పెట్టడానికి హన్మవ్వను పిలిచారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. మొగుడు పోయి చాలా ఏళ్ళయింది, ఉన్న ఒక్క కూతురిని మోస్రాలో ఇచ్చింది. నాటు వేయడం, కలుపు తీయడం, ఏ పని ఉంటే ఆ పనికి పోతుంది. ఆమె పుట్టిల్లు మంజీర అవతల మహారాష్ట్ర ఊరు. అందుకే మాట మధ్యలో ఒక్కోసారి మరాఠీ ముక్క దొర్లుతుంది. పనిలోకి వచ్చినప్పుడు ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ఆమె కూడా కొంగు బిగించి, గడలు ఎంత దూరంలో వేయాలో చూపించి పనిలో పడింది.

మొదటి రోజు గురువారం, మొదటి వంతు రామ్‌దాస్ చెరుకుది. భూమన్న తెల్లవారగానే స్నానం చేసి పంచె కట్టుకుని వచ్చాడు. పొయ్యికి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, హనుమంతుడిని తలచుకుని నిప్పు ముట్టించారు. ఎండిన చెరుకు పిప్పి భగ్గుమంది. రసం కాగింది. నలిపి నానబెట్టిన బెండ మొక్కల జిగురు నీళ్ళు పోస్తే మురికంతా నురగలా పైకి వచ్చింది. దాన్ని జల్లి గరిటెతో తీసేశారు. భూమన్న కడాయి చుట్టూ తిరుగుతుంటే వయసు పదేళ్ళు తగ్గినట్టు కనిపించాడు. ఇక్కడ మంట పెంచమన్నాడు, అక్కడ తగ్గించమన్నాడు. రెండు గంటలు దాటాక పాకం తీసి వేళ్ళ మధ్య సాగదీశాడు. సన్నటి తీగ వచ్చింది. తల ఊపి, నడుము దగ్గర దోపుకున్న దస్తీ రుమాలు ముడి విప్పి, అందులోంచి పిడికెడు తెల్లటి పొడి తీసి పాకంలో చల్లాడు. పక్కనున్నవాళ్ళు అది సున్నం కాబోలు అనుకున్నారు.

అది మెత్తగా నూరిన చక్కెర. ప్యానులో గింజ కట్టాలంటే ముందు కొంచెం చక్కెర పొడి లోపలికి పంపుతారు. పాలకు తోడు వేసినట్టు. ఇరవై ఎనిమిదేళ్ళు అలా వేసిన మనిషికి అది కలపడం అనిపించలేదు. గుంజకు ఉన్న పలక అతనికి ఎదురుగానే ఉంది. చదివాడు కూడా. తోడు వేరు, కల్తీ వేరు అని అతని లెక్క.

కడాయి దించి, చల్లార్చే పెద్ద పళ్ళెంలో పోశారు. భూమన్న తెడ్డు తీసుకుని ఆపకుండా కలిపాడు. దాన సమంగా పడాలంటే కలుపుతూనే ఉండాలని అతనికి తెలుసు. అచ్చుల్లో పోసి అందరూ చుట్టూ కూర్చున్నారు. దేవవ్వ మజ్జిగ కుండ తెచ్చి అందరికీ పోసింది. మూడు గంటల తర్వాత రామ్‌దాస్ మొదటి అచ్చు బోర్లించాడు.

ముద్ద రాలేదు. గోధుమరంగు ఇసుకలా జలజలా రాలింది. రెండోది బోర్లిస్తే అదీ అంతే. ఎండ పడి గింజలు తళతళ మెరిశాయి. నిజానికి చూడ్డానికి బాగుంది. నోట్లో వేసుకుంటే తియ్యగా ఉంది. బెల్లం మాత్రం కాదు.

రామ్‌దాస్ గుప్పెడు అరచేతిలోకి తీసుకుని చూశాడు. తర్వాత అన్నాడు. "మల్ల శక్కరే చేసినవ్ గద బావా. ఫ్యాక్టరీ తెరిసిండ్రా ఏంది?"

నలుగురు నవ్వారు. భూమన్న కూడా నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. తోడు చాలలేదేమో, ఇంకో కడాయి చూద్దామన్నాడు. రెండో కడాయికి రెండు పిడికిళ్ళు వేశాడు, ఇంకా ఎక్కువ కలిపాడు. అది మొదటి దానికన్నా పొడిపొడిగా వచ్చింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

రామ్‌దాస్ చెరుకు ఇంకా రెండు ట్రాలీలు కొట్టి పడేసి ఉంది. కొట్టిన చెరుకు రెండు మూడు రోజుల్లో గానుగకు ఎక్కకపోతే రసం చచ్చిపోతుంది. రామ్‌దాస్ గడల కుప్ప చుట్టూ తిరిగాడు. చెరుకాకు తెచ్చి కుప్ప మీద కప్పి నీళ్ళు చల్లాడు. రెండో వంతు, చెరుకు వేసినవాళ్ళలోనే ఒకడైన భోజన్నది. మరునాడు అతని తోట కొట్టడానికి కూలీలు ఒప్పుకుని ఉన్నారు. అతను ఫోన్ చేసి వాళ్ళను రావద్దన్నాడు. "నా తోటకేం తొందర లేదు, ముంగట రామ్‌దాస్‌ది కానీయిండ్రి" అని చెప్పి సైకిలెక్కి పోయాడు. ఒప్పుకున్న కూలీలు మళ్ళీ దొరకడం ఎంత కష్టమో అతనికి తెలియనిది కాదు.

పొద్దు వాలేసరికి అందరూ ఇళ్ళకు పోయారు. జ్యోతిరాణి కూడా పొద్దున వస్తానని చెప్పి బయల్దేరింది. భూమన్న తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. హన్మవ్వ అక్కడే చీపురుతో పిప్పి ఒకచోటికి ఊడుస్తోంది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని దగ్గరికి వచ్చింది.

"భూమన్నా, ఒక మాట అడిగితె ఏమనుకోవు గద."

"అడుగు."

"దస్తీలకెల్లి తీసి ఏసినవే, ఏందది?"

"తోడు" అన్నాడు భూమన్న. "శక్కర పొడి."

"బెల్లానికి తోడుండది. గింజ కట్టాలె అని ఏసినవ్, గింజ కట్టింది. నీ చెయ్యి తప్పు చెయ్యలే. దానికొచ్చిన పని అది చేసింది. అంతే."

"నీకెట్ల ఎరుక?"

"మా బాపు బెల్లం వండేటోడు. మంజీర గట్టు పొంటి చలికాలమంత ఆయిన గానుగే. ఊరూరు తిరిగి వండేటోడు."

భూమన్న ఆమె వైపు చూశాడు. ఈ ఊరికి కోడలిగా వచ్చి యాభై ఏళ్ళయింది, ఈ సంగతి అతనికి ఇప్పుడే తెలిసింది.

"పొద్దుగాలనే సూసినవ్ గద. అప్పుడే ఎందుకు చెప్పకపోతివి?"

"గంత మంది ముంగటనా?" అంది హన్మవ్వ. "పెద్దమనిషివి. ఇప్పుడు చెప్తున్న గద."

ఆ మాట చెప్పి ఆమె మళ్ళీ ఊడవడానికి పోయింది.

ఇంటికి వచ్చాక భూమన్న దేవవ్వకు జరిగింది చెప్పాడు. ఆమె జొన్నరొట్టె కొడుతూనే అంతా విన్నది. నువ్వెందుకలా చేశావని అడగలేదు. రొట్టె తిప్పి, పొంగే దాకా ఆగి, అప్పుడు ఒక్క మాట అన్నది. "చెప్పేదుంటె పొయ్యి ముట్టియ్యక ముందే చెప్పు. ముట్టిచ్చినంక ఎవ్వలు ఇనరు."

మరునాడు భూమన్న గుడికి పోయి వచ్చాడు. శుక్రవారం అతను గుడికి పోయే రోజు కాదు. పూజారి హారతి పళ్ళెం ముందుకు చాపి, ఏమన్నా విశేషమా అని అడిగితే, ఉందని మాత్రం అన్నాడు.

కొట్టం దగ్గరికి వచ్చేసరికి అందరూ ఉన్నారు. జ్యోతిరాణి స్కూటీ దిగుతోంది. భూమన్న పలక కట్టిన గుంజ పక్కన నిలబడి, నిన్న రెండు కడాయిల్లోనూ చక్కెర పొడి వేశానని చెప్పాడు. ఎందుకు వేశాడో చెప్పాడు. ఫ్యాక్టరీలో ఎలా చేసేవాళ్ళో చెప్పాడు. చివర, ఎవరూ అడగకుండానే, "నాకు బెల్లం రాదు. వస్తదనుకున్న. రాదు" అన్నాడు.

జ్యోతిరాణి మొహం వాడిపోయింది. ఆమెకు కోపం వచ్చిందో, ఏడుపు వచ్చిందో, రెండూ వచ్చాయో. పలక వైపు చూసింది. ఈ ఆదివారం బెల్లం వస్తుందని అంగడిలో చెప్పి ఉంది. నిన్నటి సరుకు ఒక్క కిలో కూడా అంగడికి రాకూడదని నెమ్మదిగానే అంది. పొరపాటున వేసినా చక్కెర చక్కెరే కదా అంది. భూమన్న ఒప్పుకున్నాడు.

రామ్‌దాస్ ఊరుకోలేదు. అది అతని చెరుకు. ఏడాది నీళ్ళు పెట్టిన చెరుకు. "శక్కర వండినోనికి బెల్లం ఒక వంటనా అన్నది ఎవలు?" అని నిలదీశాడు. బావమరిది పరాచికం ఆ గొంతులో లేదు. పోయిన రెండు కడాయిలకు బదులు తన తోట బెల్లం ఇస్తానని భూమన్న అన్నాడు. రామ్‌దాస్ చెయ్యి విసిరాడు. "నీ తోటది ఎవలు వండుతరు? అదంత తర్వాత సంగతి. గడలు ఎండుతున్నయ్, ఇప్పుడేం జేద్దాం చెప్పు."

అనకాపల్లి మనిషికి జ్యోతిరాణి దారిలోనే ఫోన్ చేసింది. అతను రావడానికి నాలుగు రోజులు పడుతుంది. గడలు నాలుగు రోజులు ఆగవు.

అప్పుడు భూమన్న హన్మవ్వ వైపు తిరిగాడు. "అక్కా, నువ్వు వండు. మీ బాపు బెల్లం వండేటోడన్నవ్ గద."

అంతకుముందు ఎప్పుడూ ఆమెను అక్కా అని పిలవలేదు. హన్మవ్వ గానుగ దగ్గర నుంచి కదలలేదు. తనకు వంట రాదంది. తండ్రి ఆడపిల్లకు తెడ్డు ఇవ్వలేదట. ఆయనకు చివరి ఏళ్ళలో కంటిచూపు పోయింది. అప్పటి నుంచి పాకం చూసి చెప్పడం మాత్రం ఆమె పని. నురగ ఎలా ఉంది, రంగు ఎలా తిరిగింది, ముద్ద గట్టిపడిందా అని ఆయన అడిగేవాడు, ఆమె చెప్పేది. పెళ్ళయి వచ్చేదాకా ఆరు చలికాలాలు అలా గడిచాయి. అది కూడా యాభై ఏళ్ళ కిందటి మాట.

"సూసుడు వచ్చు. చేతుల బలం లేదు" అంది.

"చేతులు నావి ఉన్నయ్" అన్నాడు భూమన్న. "నువ్వు సూసి చెప్పు."

రామ్‌దాస్ గడల కుప్ప వైపు చూశాడు. అతని ముందు వేరే దారి ఏదీ లేదు. గానుగ స్విచ్ తనే వేశాడు. ఆ రోజు గడలు పెట్టడానికి భోజన్న భార్య వచ్చి నిలబడింది. ఆమెను ఎవరూ పిలవలేదు.

హన్మవ్వ కడాయి పక్కన పీట వేసుకుని కూర్చుంది. మొదట మంట సగానికి తగ్గించమంది. భూమన్న తగ్గించాడు. నురగ తీసింది చాలదు, ఇంకా తియ్యమంది. తీశాడు. పాకం పొంగబోతే రెండు చుక్కలు ఆముదం వేయించింది. పొంగు అణిగింది. భూమన్నకు అది కొత్త. ఇలా ఒక గంట గడిచాక ఆమె గొంతులో జంకు పోయింది. పొయ్యి దగ్గరున్న మొగవాళ్ళను ఏయ్ అని పిలిచి పిప్పి అటు వెయ్యమనీ ఇటు వెయ్యమనీ అంటోంది. వాళ్ళు వేస్తున్నారు.

పాకం చిక్కబడింది. సలసలమనే చప్పుడు పోయి తపతపమంటోంది. భూమన్న వేళ్ళ మధ్య తీసి చూశాడు. తీగ వచ్చింది. నిన్న దించింది ఇక్కడే.

"అయింది అక్కా, దించుదాం."

"థాంబ్" అంది హన్మవ్వ. ఆగు అని మరాఠీలో.

నీళ్ళు పోసిన చిన్న పళ్ళెంలో ఒక చుక్క పాకం వేసింది. చల్లారాక వేళ్ళతో ఉండ చేసి పళ్ళెం అంచుకు విసిరింది. మెత్తగా అంటుకుంది. కాసేపు ఆగి మళ్ళీ వేసింది. మళ్ళీ అంటుకుంది. కడాయి నుంచి కొత్త వాసన మొదలైంది. భూమన్న తెడ్డును కడాయి అడుగు దాకా దింపి, మాడుతోందేమోనని చూశాడు. ఫ్యాక్టరీలో ఈ పాటికి దించకపోతే ప్యాను మొత్తం పాడవుతుంది. రామ్‌దాస్ అతని మొహం చూసి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"మాడుతది అక్కా."

"మాడది. థాంబ్."

భూమన్న ఆగాడు. ఇరవై ఎనిమిదేళ్ళు ఇంకొకరు చెప్పే దాకా ఆగిన మనిషి కాదు. ఆ కాసేపు అతనికి ఎంత బరువనిపించిందో దేవుడికే తెలుసు. హన్మవ్వ మూడోసారి ఉండ చేసి విసిరింది. పళ్ళెం రాయి తగిలినట్టు ఠణ్ మంది.

"దించు."

ఆరుగురు కడాయి చెవుల్లో దుంగలు దూర్చి వంచారు. పాకం పెద్ద పళ్ళెంలోకి జారింది. భూమన్న అలవాటుగా తెడ్డు ఎత్తాడు. హన్మవ్వ అతని మణికట్టు పట్టుకుంది. "ఊకె కలుపకు. పండుకోనీ." ఆమె చెప్పినప్పుడు రెండు సార్లు మాత్రం కలిపి, తడిగుడ్డ పరిచిన అచ్చుల్లో పోశారు.

మధ్యాహ్నం అన్నాలు అక్కడే తిన్నారు. ఎవరూ అచ్చుల వైపు చూడనట్టే కూర్చున్నారు కానీ చూస్తూనే ఉన్నారు. జ్యోతిరాణి పెరుగన్నం డబ్బా తెరిచి సగం హన్మవ్వ పళ్ళెంలో పెట్టింది. "తిను బిడ్డా, నీకేం మిగులుతది" అంటే, తనకు ఆకలి లేదంది. తర్వాత రామ్‌దాస్ లేచి అచ్చు బోర్లించి వెనక తట్టాడు. గుడ్డతో సహా ముద్ద కింద పడింది. గుడ్డ విప్పితే కుంకుడుకాయ రంగులో, అంచులు విరగకుండా, నిండుగా ఉంది. రామ్‌దాస్ దాన్ని రెండు చేతులతో ఎత్తి చూసి భూమన్న చేతికి ఇచ్చాడు. భూమన్న దాన్ని హన్మవ్వ ఒళ్ళో పెట్టాడు.

ఆమె అంచు నుంచి చిన్న ముక్క విరిచి ముందు పొయ్యిలో వేసింది. ఇంకో ముక్క గుడికి తీసి పెట్టమంది. తర్వాత అందరికీ తలా కొంచెం పంచింది. తను తినడం మర్చిపోయింది. దేవవ్వ గుర్తు చేస్తే అప్పుడు నోట్లో వేసుకుంది.

ఆ తర్వాత పద్దెనిమిది రోజులు పొయ్యి ఆరలేదు. భోజన్న తోట, మిగిలినవాళ్ళ తోటలు ఒకటి తర్వాత ఒకటి వచ్చాయి. హన్మవ్వకు గానుగ కూలి కాకుండా వంట మనిషి కూలి ఇవ్వాలని భూమన్నే అడిగి ఒప్పించాడు. రెండో వారానికి అతనికి ఉండ ఎప్పుడు గట్టిపడుతుందో కొంచెం కొంచెం తెలియసాగింది. అయినా దించమనే మాట ఆమె నోటి నుంచి వచ్చేదాకా ఆగేవాడు. పొడిగా రాలిన ఆ రెండు కడాయిల సరుకు పదకొండు ఇళ్ళూ పంచుకున్నాయి. చాయ్‌లోకి బాగుందని రామ్‌దాస్ భార్య ఇంకో డబ్బా అడిగి తీసుకుపోయింది.

ఆదివారాలు పొద్దున అంగడికి భూమన్న, హన్మవ్వ ఇద్దరూ పోయి, మధ్యాహ్నం వచ్చి కడాయి ఎక్కించేవారు. పట్నం వాళ్ళు కొందరు ముద్దను చూసి, ఇంత నల్లగా ఉందేమిటని పక్కకు జరిగారు. పసుపుపచ్చగా మెరిసే బెల్లానికి అలవాటు పడ్డ కళ్ళు. మొదటి వారం తెచ్చినదాంట్లో సగం తిరిగి వచ్చింది. రెండో వారం, కొన్నవాళ్ళే మళ్ళీ వచ్చారు, పక్కింటి వాళ్ళను తీసుకుని. ఒక పెద్దావిడ వండింది ఎవరు బాబూ అని అడిగితే భూమన్న జరిగి కూర్చుని, "ఈ అక్క" అని చూపించాడు. హన్మవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జ్యోతిరాణి పట్టిక చూసుకుని, వచ్చే ఏడు ఒక హాస్టలు వాళ్ళు కూడా అడుగుతున్నారని చెప్పింది. గొప్ప లాభం వచ్చిందని ఎవరూ అనలేదు. వరి వేస్తే మిగిలేదానికి తక్కువ కాలేదని మాత్రం అందరూ ఒప్పుకున్నారు.

చివరి కడాయి దించిన మర్నాడు రామ్‌దాస్ కొట్టం దగ్గరికి వచ్చాడు. భూమన్న, హన్మవ్వ కడాయి తోమి బోర్లిస్తున్నారు. తోట కొట్టేసిన చోట చెరుకు మొదళ్ళు వరసగా కనిపిస్తున్నాయి. నీళ్ళు పెడితే పిలకలు వేసి మళ్ళీ తోట అవుతాయి. పెట్టకపోతే ఎండిపోతాయి. అతను రెంజల్ నుంచి ట్రాక్టరు మాట్లాడి పెట్టుకున్నాడని ఊళ్ళో అందరికీ తెలుసు.

"ఏమంటవ్ బావా?" అన్నాడు. "మొదళ్ళు ఉంచాల్నా, దున్నాల్నా?"

భూమన్న చేతులు తుడుచుకున్నాడు. "నిరుడు నన్నడిగి నాటితివి. ఈయేడు అక్కనడుగు."

రామ్‌దాస్ హన్మవ్వ వైపు చూశాడు. ఆమె ముందు మొదళ్ళ వైపు, తర్వాత బోరు వైపు చూసింది.

"బోరుల నీళ్ళున్నయా?"

"కొంచెం ఉన్నయ్."

"మొదటి తడి ఇప్పుడియ్యాలె. ఇస్తె ఉంచు."

"వండుడు?"

"నేనుంటె నేను సూస్త. లేకుంటె ఈయినకు సగం వచ్చింది. మిగిలిన సగం వచ్చే చలికాలం నేర్పుత."

రామ్‌దాస్ తల ఊపాడు. అక్కడే నిలబడి ఫోన్ తీసి ట్రాక్టరాయనకు రావద్దని చెప్పాడు. మరునాడు పొద్దున కరెంటు రాగానే మోటారు వేశాడు. నీళ్ళు చెరుకు మొదళ్ళ సాళ్ళలోకి పారాయి.